పెట్టుబడి ఎవరిదో గిట్టుబాటు వారిదే

మన సేద్యంలో పెట్టుబడి పెట్టేది మనం, లాభం చూసుకునేది మరొకరు. ఎన్నికల సేద్యంలో అలా ఉండదు. అక్కడ పెట్టుబడి పెట్టినవాడు గిట్టుబాటు రాబట్టుకునే పోతాడు.

పోలింగ్ ముందు రాత్రి ఊళ్లో పంచే నోట్ల గురించి అందరూ మాట్లాడతారు. రైతులు, కూలీలు ఓటు అమ్ముకుంటున్నారని నీతులు చెబుతారు. ఆ నోట్లు ఎవరి గల్లాపెట్టెలోంచి వచ్చాయని మాత్రం అడగరు. మనం అడగాల్సింది అదే.

2017 బడ్జెట్‌లో కేంద్రం ఎన్నికల బాండ్లు ప్రకటించింది. మరుసటి ఏడాది నుంచి స్టేట్ బ్యాంకులో అమ్మారు. ఎవరు కొన్నారో, ఏ పార్టీకి ఇచ్చారో ఓటరుకు తెలియదు. కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 7.5 శాతానికి మించి చందా ఇవ్వకూడదన్న పాత నిబంధననూ ఎత్తేశారు. వెయ్యి రూపాయల బాండు కూడా ఉందన్నారు గాని, సొమ్ములో అత్యధిక భాగం కోటి రూపాయల బాండ్లదే. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఈ పథకాన్ని కొట్టేసే నాటికి 16,500 కోట్ల రూపాయలకు పైగా బాండ్లు అమ్ముడయ్యాయి. వివరాలు ఇవ్వడానికి జూన్ 30 దాకా, అంటే లోక్‌సభ ఎన్నికలు అయిపోయేదాకా, గడువు కావాలని బ్యాంకు అడిగింది. కోర్టు ఒప్పుకోలేదు.

జాబితా బయటికొచ్చింది. అందరికన్నా ఎక్కువ కొన్నది ఒక లాటరీ కంపెనీ. రెండో స్థానంలో 966 కోట్లతో హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ ఉంది. కాళేశ్వరం, పోలవరం పనులు చేసిన కంపెనీ అది. తీసుకున్న పార్టీల్లో బీజేపీది మొదటి స్థానం. కాంగ్రెస్, బీఆర్‌ఎస్, వైసీపీ, తెలుగుదేశం కూడా జాబితాలో ఉన్నాయి. చందా ఇచ్చిన ప్రతి కంపెనీ తప్పు చేసిందని మేం అనడం లేదు. కానీ సర్కారు పనులు చేసేవారు, సర్కారు నడిపే పార్టీలకు చాటుగా కోట్లు ఇస్తుంటే, ఆ పార్టీలు ముందు ఎవరి మాట వింటాయి? ఎవరి బండి ఎక్కితే వారి పాట పాడాలి కదా!

బాండ్లు పోయినా దారులు మూసుకుపోలేదు. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు అని మన రాష్ట్రాల్లో పరిమితి ఉంది. పార్టీ పెట్టే ఖర్చుకు ఏ పరిమితీ లేదు. కోట్లు కుమ్మరించగలిగినవారికే టికెట్లు దక్కుతున్నాయి. కాంట్రాక్టర్లు, రియల్ ఎస్టేట్ వ్యాపారులు చట్టసభల్లో కూర్చుంటే మద్దతు ధరకు చట్టబద్ధత, కౌలు రైతుకు బ్యాంకు రుణం ఎవరికి గుర్తుంటాయి?

ఓటుకు 2,000 ఇచ్చారనుకుందాం. అయిదేళ్లకు లెక్కేస్తే రోజుకు రూపాయి పది పైసలు. మద్దతు ధర కన్నా క్వింటాకు 200 తక్కువకు ధాన్యం అమ్ముకుంటే, ఎకరాకు 25 క్వింటాళ్లు పండించిన రైతు ఒక్క పంటలోనే 5,000 పోగొట్టుకుంటాడు. చేతికిచ్చింది ఎంత, చేలోంచి పట్టుకుపోయింది ఎంత?

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పార్టీల ఖర్చుకూ పరిమితి పెట్టాలి. ప్రతి పెద్ద చందా వివరాలు పోలింగ్‌కు ముందే ప్రజల ముందుంచాలి. ప్రభుత్వ కాంట్రాక్టులు పొందే కంపెనీలు పార్టీలకు చందాలు ఇవ్వకుండా నిషేధించాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రతి గ్రామ కమిటీ రచ్చబండ దగ్గర సభ పెట్టి, ఓటడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ మూడు ప్రశ్నలు అడగాలి. మీ ప్రచారానికి డబ్బు ఎవరిచ్చారు? మద్దతు ధర చట్టానికి ఓటేస్తారా? కౌలు రైతుకు రుణం ఇప్పిస్తారా? జవాబులు రాయించుకుని, సంతకం తీసుకుని, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. సంతకం పెట్టనివారి పేర్లూ అక్కడే రాయాలి. అయిదేళ్లూ ఆ కాగితం చేతపట్టుకుని అడిగే హక్కు మనకుంటుంది.