మాట కలిసింది.. గుర్తింపు కలవలేదు

గొత్తికోయల రెండో తరానికి కుల ధ్రువపత్రమే అడ్డుగోడ

భద్రాచలం: సుమారు ఇరవై ఏళ్ల కిందట ప్రాణభయంతో ఛత్తీస్‌గఢ్ నుంచి తరలివచ్చిన గొత్తికోయల పిల్లలు నేడు యువకులయ్యారు. తల్లి చంకనెక్కి సరిహద్దు దాటినవారు కొందరైతే, ఇక్కడి గుడిసెల్లోనే కళ్లు తెరిచినవారు మరికొందరు. వీరు ఇంట కోయ భాష, సంతలో తెలుగు మాట్లాడుతున్నారు. మిర్చి కోతల కాలంలో రైతులు వీరి రాక కోసం ఎదురుచూస్తారు. బతుకుతెరువులో కలిసిపోయిన ఈ తరం ప్రభుత్వ రికార్డుల్లో మాత్రం నేటికీ పరాయిదే.

సల్వాజుడుంతో పెరిగిన వలస

బస్తర్ ఆదివాసీలు కూలి పనులకు గోదావరి తీరానికి రావడం కొత్తేమీ కాదు. అయితే 2005 జూన్‌లో నాటి దంతెవాడ జిల్లాలో సల్వాజుడుం మొదలయ్యాక వలస స్వరూపమే మారిపోయింది. సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య నలిగిన కుటుంబాలు కుంట వైపు నుంచి చింతూరుకు, బీజాపూర్ వైపు నుంచి చర్లకు చేరాయి. గిరిజన యువకులను ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమించి ఆయుధాలివ్వడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జులై 5న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అప్పటికే అడవిలో గుడిసెలు వెలిశాయి, పోడు మొదలైంది. 2014లో చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలవడంతో వీరి బంధువర్గం మూడు రాష్ట్రాల మధ్య చీలిపోయింది.

బడి దాటితే చిక్కు

విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వరకు ప్రతి బిడ్డకూ బడిలో చోటిస్తుంది. చిక్కంతా ఆ తర్వాతే. ఉపకార వేతనం, రిజర్వేషన్ సీటు, ఉద్యోగ దరఖాస్తు.. అన్నింటికీ కుల ధ్రువపత్రం కావాలి. రాజ్యాంగంలోని 342వ అధికరణం ప్రకారం షెడ్యూల్డు తెగల జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఛత్తీస్‌గఢ్‌లో గిరిజనుడైనవాడు సరిహద్దు దాటగానే ఇక్కడ ఆ హోదా పొందలేడు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ గుర్తింపు ఉండి తండ్రితో మహారాష్ట్రకు వెళ్లిన ఒక తెలుగు విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు ఇదే తేల్చిచెప్పింది. నాడు మనవాడికి ఎదురైన అడ్డంకే నేడు మన గడపకు వచ్చినవారికి ఎదురవుతున్నది.

భూమి విషయంలోనూ ఇదే తీరు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్నవారికే వర్తిస్తుంది. ఆ తేదీ తర్వాత వచ్చినవారికి పట్టా అందని పండే.

స్థానికుల ఆందోళన

పరిమితంగా ఉన్న రిజర్వేషన్లలో మరొకరు వాటాకు వస్తే తమ పిల్లల గతేమిటన్నది స్థానిక గిరిజనుల ప్రశ్న. పోడు కోసం చెట్లు నరకడంపై అటవీ శాఖతో ఘర్షణలు తప్పడం లేదు. 2022 నవంబరు 22న చంద్రుగొండ మండలం ఎర్రబోడు వద్ద రేంజ్ అధికారి శ్రీనివాసరావు హత్యకు గురయ్యాక ఈ వ్యతిరేకత మరింత ముదిరింది. ఆ కేసులో దోషులకు న్యాయస్థానం శిక్ష విధించింది. నేరం చేసినవారి శిక్షను బడికి వెళ్లే పిల్లలందరూ మోయవలసి రావడం మాత్రం న్యాయం కాదు.

ఉన్న దారి చిన్నదే

జాబితాలో మార్పు చేసే అధికారం పార్లమెంటుదే. అది జరిగే వరకు చేయదగిన పని ఒకటుంది. తండ్రికి సొంత రాష్ట్రం ఇచ్చిన ధ్రువపత్రం ఆధారంగా, వలస వచ్చినవారికి నివాస రాష్ట్ర అధికారులు కూడా పత్రం ఇవ్వవచ్చునని కేంద్రం గతంలోనే సూచించింది. ఇది ఇక్కడి రాష్ట్ర రిజర్వేషన్లకు చెల్లదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పనికివస్తుంది. స్థానికుల వాటాకు నష్టం లేదు. కానీ ఊరు వదిలి పారిపోయిన తండ్రి దగ్గర ఆ పత్రమెక్కడిది? దాన్ని తెచ్చుకొమ్మని కూలికి వెళ్లే కుర్రవాణ్ని సుక్మాకో, బీజాపూర్‌కో పంపడం కంటే, రెండు రాష్ట్రాల రెవెన్యూ అధికారులు ఐటీడీఏ ద్వారా ఉమ్మడి శిబిరాలు నిర్వహించడం మేలు.

మిజోరం నుంచి 1997లో త్రిపురకు చేరిన బ్రూ తెగవారి సమస్యకు 2020 జనవరిలో కేంద్రం, రెండు రాష్ట్రాలు కలిసి కూర్చున్నాకే ఒప్పందం కుదిరింది. గోదావరి తీరంలో అలాంటి చర్చ ఇంకా మొదలుకావలసి ఉంది. అడవిని ఎలా కాపాడాలి, భూమి ఎవరికివ్వాలి అన్నవి పెద్ద ప్రశ్నలు. అవి తేలేదాకా బడి దాటిన పిల్లవాడి చదువు ఆగనవసరం లేదు.