బాటిలు సంగతి సరే... చెయ్యి చూశారా?

మదనపల్లె టమాటా మార్కెట్లో పెట్టెలు మోసే కూలీకి రెండు రోజులు జ్వరమొస్తే డాక్టరును అడిగే మొదటి మాట... ‘ఒక బాటిలు ఎక్కించండి సార్’! పుంగనూరులోనూ, కుప్పంలోనూ ఇదే తంతు. సెలైన్ ఎక్కితే సత్తువ వస్తుందని నమ్మకం. పక్కన కూర్చున్న ఇంటివాళ్ల చూపంతా బాటిలు మీదే. అయిపోతే గాలి ఎక్కుతుందేమోనని భయం. సూది గుచ్చిన చేతిని మాత్రం ఎవరూ చూడరు. అసలు ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

సూది చుట్టూ ఎర్రగా కందుతుంది, వాస్తుంది, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ముదిరితే నరం తాడులా గట్టిపడుతుంది. దీన్నే వైద్యులు ఫ్లెబైటిస్ అంటారు. నరం గోడ వాచిందన్నమాట.

ఎందుకిలా?
కారణాలు ప్రధానంగా మూడు. నరానికి మించిన లావు గొట్టం పెట్టినా, మణికట్టు, మోచేతి మడతల్లో గుచ్చినా అది కదిలినప్పుడల్లా లోపల ఒరుసుకుంటుంది. పొటాషియం, వాంకోమైసిన్ లాంటి ఘాటైన మందులు నరాన్ని మండిస్తాయి. చేతులు కడుక్కోకుండా సూదిని ముట్టుకుంటే సూక్ష్మజీవులు చేరతాయి.

మొదటి మందు... సూది తీయడమే!
నొప్పి, ఎరుపు, వాపు... వీటిలో రెండు కనిపిస్తే ఆ సూది తీసేయాలి. మందు ఇంకా అవసరమైతే వీలైనంతవరకు రెండో చేతికి పెట్టాలి. చాలామంది మరో పోటుకు భయపడి, ‘బాటిలు సగం మిగిలిందే’ అని పళ్ల బిగువున ఓర్చుకుంటారు. ఆ ఓర్పుకు మూల్యం తర్వాత తెలుస్తుంది. మర్నాడు పెట్టెలు మోయాలన్నా, పాలు పిండాలన్నా, కుప్పంలో రైలెక్కి బెంగళూరు పనికి వెళ్లాలన్నా కావాల్సింది ఆ చెయ్యే కదా!

సూది తీశాక చేతిని దిండు మీద ఎత్తుగా ఉంచాలి. గోరువెచ్చని తడిగుడ్డతో రోజుకు మూడు నాలుగుసార్లు, పావుగంట చొప్పున కాపడం పెట్టాలి. ఒకవేళ మందు నరం దాటి కండలోకి కారితే మాత్రం కాపడం జోలికి వెళ్లకుండా వెంటనే నర్సుకు చెప్పాలి. కొన్ని మందులకు వేడి హాని చేస్తుంది. డాక్టరు సలహాతో నొప్పి మాత్రలు, హెపారిన్ లేదా డైక్లోఫెనాక్ జెల్ వాడొచ్చు. ఏ పూత మేలో తేల్చేంత గట్టి ఆధారాలు మాత్రం లేవని 2015 నాటి కోక్రేన్ సమీక్ష చెప్పింది. గట్టిగా మర్దన చేయకూడదు. నరం గట్టితనం కొన్ని వారాలు ఉండొచ్చు, కంగారు అక్కర్లేదు.

చీము కారినా, చలిజ్వరం వచ్చినా, ఎర్రటి గీత పైకి పాకినా, చెయ్యంతా వాచినా ఇంటి వైద్యాలు కట్టిపెట్టి ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మూడు రోజులకోసారి మార్చాలా?
ఒకప్పుడు అదే నియమం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఆసుపత్రుల్లో 3,283 మందిపై జరిగిన అధ్యయనం 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. మూడో రోజు మార్చినవాళ్లలోనూ, అవసరమైనప్పుడే మార్చినవాళ్లలోనూ నరం వాచింది 7 శాతం మందికే! అంటే తేదీని బట్టి కాకుండా చేతిని రోజూ చూసి నిర్ణయించుకోవచ్చన్నమాట. అవసరం తీరిన సూదిని మాత్రం ఆ రోజే తీయించుకోవాలి.

అసలు బాటిలు కావాలా?
అర లీటరు 5 శాతం గ్లూకోజు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. అంటే ఐదారు చెంచాలు! తాగగలిగి, వాంతులు లేని మనిషికి గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ చాలు. నరం జోలికి పోనక్కర్లేదు. డాక్టరు తప్పదన్నప్పుడు సెలైన్ ఎక్కించుకోవాల్సిందే. అప్పుడు కూడా పక్కనున్నవాళ్లు గంటకోసారి ఆ చేతిని చూడాలి. మండుతోందని రోగి అంటే ‘కాసేపు ఓర్చుకో’ అనొద్దు. వెంటనే నర్సమ్మను పిలవండి!