సరుకుకు బీమా ఉంది, సరంగుకు ఏముంది?

ఎక్కడో ఎర్ర సముద్రంలో ఓడ మీద బాంబు పడితే మన పల్లెకేం నొప్పి అని అడిగేవాళ్లున్నారు. అడగనివ్వండి. 2024 రబీలో డిఏపి బస్తా కోసం దేశంలో చాలాచోట్ల రైతులూ కౌలుదార్లూ లైన్లు కట్టారు గదా. ఎరువు ఎందుకు రాలేదయ్యా అంటే కేంద్ర ప్రభుత్వం చెప్పిన కారణాల్లో ఎర్ర సముద్రం ఒకటి. ఎరువు మోసుకొచ్చే ఓడలు దగ్గరి దారి వదిలి, ఆఫ్రికా ఖండం కింది కొసదాకా పోయి, గుడ్‌హోప్ అగ్రం చుట్టి వేల కిలోమీటర్లు తిరిగి రావాల్సొచ్చిందని సర్కారే చెప్పింది. సముద్రం మన గుమ్మానికి దూరమే. దాని దెబ్బ మాత్రం మన గట్టుదాకా వచ్చింది.

అయితే ఈ సంపాదకీయం ఎరువు బస్తా గురించి కాదు. బస్తాను మోసుకొచ్చే ఓడలో పనిచేసే మనిషి గురించి. ధర పెరిగిందని పత్రికలు రాశాయి, షేర్లు పడ్డాయని రాశాయి. మనిషి గురించి ఒక మూల నాలుగు ముక్కలు రాసి వదిలేశాయి. ఆ మూలనున్న నాలుగు ముక్కలే మాకు ముఖ్యం.

ముందు సంగతి తెలుసుకుందాం. అరేబియాకీ ఆఫ్రికాకీ నడుమ ఎర్ర సముద్రం ఉంది. దానికి పైన సూయెజ్ కాలువ, కింద బాబ్ ఎల్ మందెబ్ అనే సందు. ఆ అరబ్బీ పేరుకు కన్నీటి వాకిలి అని అర్థం. ఇరుకైన చోట దాని వెడల్పు 30 కిలోమీటర్లు మించదు. 1869లో సూయెజ్ కాలువ తెరిచినప్పటి నుంచి ఆసియాకూ యూరప్‌కూ ఇదే దగ్గరి దారి. 2023 దాకా ప్రపంచ వ్యాపారంలో సుమారు 12 శాతం, కంటైనర్ సరుకులో 30 శాతం దాకా ఈ దారినే పోయేది. ఆ వాకిలికి ఒక పక్క యెమెన్. యెమెన్ రాజధాని సనాను 2014లో పట్టుకున్న సాయుధ దళమే హౌతీలు. ఆ దేశపు ఎర్ర సముద్ర తీరంలో ఎక్కువ భాగం వాళ్ల చేతిలోకి పోయింది.

2023 అక్టోబర్‌లో గాజా మీద ఇజ్రాయెల్ యుద్ధం మొదలైంది. నవంబర్ 19న హౌతీలు హెలికాప్టర్‌లో దిగి గెలాక్సీ లీడర్ అనే ఓడను పట్టుకున్నారు. టర్కీ నుంచి మన గుజరాత్‌కు ఖాళీగా వస్తున్న కార్ల ఓడ అది. ఇజ్రాయెల్ వ్యాపారికి సంబంధం ఉన్న ఓడ అన్నారు. సరే, అందులో ఉన్నదెవరు? 25 మంది పనివాళ్లు. 17 మంది ఫిలిప్పీన్స్ వాళ్లు, మిగిలినవాళ్లు బల్గేరియా, ఉక్రెయిన్, రొమేనియా, మెక్సికో వాళ్లు. ఇజ్రాయెల్ వాడు ఒక్కడూ లేడు. వాళ్లను 2025 జనవరి 22 దాకా, అంటే 14 నెలలు బందీలుగా ఉంచారు. ఆ ఓడను తీరంలో కట్టేసి జనానికి తిరునాళ్లలాగా చూపించారు.

ఆ తర్వాత 2025 జనవరి లోపు నూరుకు పైగా ఓడల మీద దాడి జరిగింది. 2024 జనవరి 26న మార్లిన్ లువాండా అనే నాఫ్తా ఓడకు నిప్పంటుకుంది. అందులో 22 మంది మన దేశం వాళ్లు, ఒకరు బంగ్లాదేశ్ మనిషి. మన విశాఖ పేరు పెట్టుకున్న యుద్ధనౌక, ఐఎన్ఎస్ విశాఖపట్నం, పోయి మంట ఆర్పడానికి సాయం చేసింది. మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ ఓడలో ముగ్గురు చనిపోయారు. ఇద్దరు ఫిలిప్పీన్స్ వాళ్లు, ఒకరు వియత్నాం మనిషి. జూన్ 12న ట్యూటర్ ఓడను మనిషి లేని పడవతో గుద్దారు. ఇంజను గదిలో ఉన్న ఒక ఫిలిప్పీన్స్ కార్మికుడు పోయాడు. అంతకుముందే రూబీమార్ అనే ఓడ 21 వేల టన్నుల ఎరువుతో సహా మార్చి 2న మునిగింది. 2025 జూలైలో ఒక్క వారంలో రెండు ఓడల్ని ముంచారు. వాటిలో ఎటర్నిటీ సి అనేది సోమాలియా రేవులో ఐక్యరాజ్య సమితి సాయం సరుకు దించి వస్తున్న ఓడ. నలుగురు పోయారని లెక్క. పది మందిని సముద్రంలోంచి తీశారు. మిగిలినవాళ్లను పట్టుకుపోయారు. అందులో ఒకతను మన కేరళ మనిషి. డిసెంబర్‌లో గానీ వాళ్లు ఒమన్ చేరలేదు.

హౌతీలు చెప్పే మాట ఏమిటి? గాజాలో చచ్చిపోతున్న జనం కోసం ఇది చేస్తున్నాం అని. గాజాలో జరిగింది ఘోరం. అక్కడి ఆరోగ్య శాఖ లెక్క 2025 అక్టోబర్ నాటికే 67 వేల ప్రాణాలు దాటింది. ఆ ఘోరానికి ఎదురు నిలబడటం న్యాయమే, మేమూ నిలబడతాం. కానీ గాజా బిడ్డ ప్రాణానికి ఇంజను గదిలో చెమటోడ్చే ఫిలిప్పీన్స్ బిడ్డ ప్రాణం బదులా? బాంబు వేసినవాడు ఒకడు, ఓడ ఆసామి ఇంకొకడు. చచ్చినవాడు ఈ ఇద్దరిలో ఎవడూ కాదు. దొర మీద కోపంతో పాలేరును కొట్టే న్యాయం మన ఊళ్లలో చాలా చూశాం. దానికి ఏ పేరు పెట్టినా అది న్యాయం కాదు.

రెండో పక్క కూడా చెప్పాలి, చెప్పకపోతే అబద్ధం అవుతుంది. ఓడల దారి కాపాడతామని 2024 జనవరి నుంచి అమెరికా, బ్రిటన్ యెమెన్ మీద బాంబులు వేశాయి. 2025 మార్చి 15 నుంచి మే 6 దాకా అమెరికా మళ్లీ వేసింది. ఏప్రిల్‌లో రాస్ ఈసా చమురు రేవు మీద వేస్తే 70 మందికి పైగా, సాదాలో ఆఫ్రికా వలస కూలీలను పెట్టిన నిర్బంధ శిబిరం మీద పడితే 68 మంది పోయారని హౌతీల లెక్క. అక్కడా చచ్చింది రేవు కూలీలూ, పొట్ట చేతపట్టుకుని బయల్దేరినవాళ్లూనే. చివరికి ఒమన్ మధ్యవర్తిత్వంలో ఒప్పందం కుదిరింది. అదైనా అమెరికా ఓడల వరకే. తక్కిన ఓడల్లోని మనుషుల మాట అందులో లేదు. రెండు నెలలకే ఆ రెండు ఓడలు మునిగాయి.

ఇక యెమెన్ సంగతి. 2015 నుంచి సౌదీ కూటమికీ హౌతీలకూ జరిగిన యుద్ధంలో 2021 చివరి నాటికి 3 లక్షల 77 వేల ప్రాణాలు పోయాయని ఐక్యరాజ్య సమితి సంస్థ అంచనా. అందులో ఎక్కువ భాగం ఆకలికీ రోగానికీ పోయినవే. ఆ దేశంలో కూడా ఊరవతల ఒక వాడ ఉంది. నల్లగా ఉంటారని, పుట్టుక తక్కువని చెప్పి వీధులూడ్చే పని తప్ప ఇంకో పని ఇవ్వని మనుషులున్నారు. లోకం వాళ్లను అఖ్దామ్ అంటుంది, అంటే నౌకర్లు. వాళ్లు తమను తాము ముహమ్మషీన్ అనుకుంటారు, అంచులకు నెట్టబడ్డవాళ్లు అని. లోకం పెట్టిన పేరు వదిలి సొంత పేరు పెట్టుకోవడం అంటే ఏమిటో మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. మరి లోకంలోని పీడితుల కోసం ఓడలు ముంచామనే హౌతీలు ఇంట్లో ఏం చేశారు? 2020లో ఒక నిబంధన తెచ్చారు. నూనె, గ్యాసు, ఖనిజం, చేపల రాబడిలో అయిదో వంతు ప్రవక్త వంశమని చెప్పుకునే హాషిమీలకు చెందాలని. వాళ్ల నాయకులు ఆ వంశం వాళ్లే. పుట్టుకను బట్టి వాటా! ఈ లెక్క మనకు కొత్తగాదు. పరాయి దేశపు పీడితుల కోసం కన్నీరు కార్చే చెయ్యి ఇంటి పీడితుల నోటి ముందు కూడు లాక్కుంటే, ఆ కన్నీటిని మేం నమ్మం.

ఇప్పుడు ఓడలోకి వద్దాం. ఆసామి ఒక దేశంలో, ఓడ మీద ఎగిరే జెండా పనామాదో లైబీరియాదో మార్షల్ దీవులదో, కూలీ ఇంకో దేశపు మనిషి. జెండా ఎందుకు పరాయిది? పన్ను తక్కువ, చట్టం వదులు. దాడి జరిగిన రోజు ఈ ముగ్గురిలో ఎవరిని పట్టుకోవాలో కార్మికుడి పెళ్లానికి తెలియదు. సరుకుకు మాత్రం అన్నీ తెలుసు. ప్రమాదం పెరిగేకొద్దీ యుద్ధ బీమా రేటు ఓడ విలువలో నూటికి ఒకటి దాకా పోయింది. ఆసాములు కట్టారు, కట్టి రవాణా ఛార్జీలో కలిపి మన దగ్గర వసూలు చేశారు. 2023లో 1,025 కోట్ల డాలర్లు వచ్చిన సూయెజ్ కాలువకు 2024లో 399 కోట్లే వచ్చాయని ఈజిప్టు లెక్కలు తీసింది. అందరి నష్టానికీ లెక్కుంది.

మన దేశంలోనూ ఇది పాత కథే. కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా గుంజుకునేవాళ్లట. ఆయన సుంకం తప్ప ముట్టుకోనని వర్తకులకు మాటిచ్చాడు. మంచి పనే. బడిపుస్తకాల్లో చదివి గొప్పగా చెప్పుకుంటున్నాం. ఇన్ని వందల ఏళ్ల తర్వాతా మేం అడిగేది ఒకటే. వర్తకుడికి అభయం సరే, తెడ్డు వేసినవాడికి ఏదీ?

అడిగితేనే కొంత వస్తుంది, ఊరికే రాదు. 2023 డిసెంబర్‌లో నావికుల సంఘాలు పట్టుబడితే, సంఘాల ఒప్పందం ఉన్న ఓడల్లో ఆ ప్రమాదపు జలాలు దాటే రోజులకు రెట్టింపు మూల వేతనం, ఆ దారికి నేను రానని చెప్పే హక్కు వచ్చాయి. ఒప్పందం లేని ఓడల్లో ఏదీ లేదు. సంఘం ఉన్నచోట నోరుంది, లేనిచోట నీళ్లున్నాయి.

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఓడ పనికి పోయే పిల్లలున్నారు. కార్యకర్తలు వాళ్ల ఇళ్లకు పోయి నాలుగు సంగతులు చెప్పాలి. ఒకటి, ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ఆర్‌పిఎస్ఎల్ లైసెన్సు ఉందో లేదో చూడకుండా కాగితం మీద సంతకం పెట్టొద్దు. రెండు, ఓడలో ఉద్యోగం ఇప్పించినందుకు కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడం అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తప్పు. మన దేశం 2015లో ఆ ఒప్పందం మీద సంతకం చేసింది. లక్షలు అడిగేవాడు మోసగాడే. మూడు, పని ఒప్పందం నకలు ఒకటి ఇంట్లో ఉండాలి. ఓడ పేరు, దాని జెండా, ఆసామి పేరు ఇంటివాళ్లకు తెలిసి ఉండాలి. నాలుగు, సముద్ర దొంగలు పట్టుకుపోయినన్నాళ్లూ జీతం ఆగకూడదని అదే ఒప్పందంలో రాసుంది. రాజకీయ సాయుధ దళం పట్టుకుపోతే నేను దొంగ కిందకు రాను అని కంపెనీ వాదించే సందు అందులో మిగిలింది. ఆ సందు మూయించాలి.

ప్రభుత్వాన్ని మేం అడిగేది ఇది. యుద్ధ జలాల్లోకి పోనని చెప్పే హక్కు సంఘం ఉన్నా లేకున్నా ప్రతి భారతీయ నావికుడికీ చట్టంలో రాయండి. ఆ హక్కు వాడుకున్నవాడిని ఏజెంట్లు నల్లజాబితాలో పెడితే శిక్ష వెయ్యండి. బందీ అయినవాడి ఇంటికి కబురు మొదట సర్కారు నుంచి రావాలి, టీవీ నుంచి కాదు. యుద్ధనౌక పంపి మంట ఆర్పినందుకు మెచ్చుకుంటాం. మంటలోకి పంపేవాడి చెయ్యి పట్టుకున్న రోజు ఇంకా మెచ్చుకుంటాం.

గాజా ఒప్పందం తర్వాత, 2025 నవంబర్‌లో, దాడులు ఆపినట్టు హౌతీలు సంకేతం ఇచ్చారు. ఆపడం వాళ్ల చేతిలో పని, మొదలెట్టడమూ వాళ్ల చేతిలో పనే. బాంబులు వేసే దేశాల సంగతీ అంతే. మన చేతిలో ఉన్నది ఒక్కటి. ఓడ పేరు చదివినప్పుడల్లా అందులో ఎంత సరుకుంది అని గాక, ఎంతమంది ఉన్నారు, ఎవరి పిల్లలు అని అడగటం. ఊరూరా అడుగుదాం. పదిమంది అడిగితే గుసగుస, పదివేల మంది అడిగితే చట్టం.