ఏసీ మన మాట వింటే చాలదు, బదులు కూడా చెప్పాలి

జంషెడ్‌పూర్‌లో మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరిదాపులకు పడిపోతుంది. కద్మా, సోనారీ, బిష్టుపూర్‌లలో తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ రెండూ అనుభవమే. ఇలాంటి ఊరికి 'హాట్ అండ్ కోల్డ్' ఏసీ బాగా సరిపోతుంది. నిజానికి అది ఒక హీట్ పంప్. వేసవిలో గదిలోని వేడిని బయటికి తోడేస్తుంది. చలికాలంలో లోపలి వాల్వు దిశ మార్చుకుని బయటి గాలిలోని వేడిని గదిలోకి తెస్తుంది. వేడిని పుట్టించకుండా ఒకచోటి నుంచి మరోచోటికి తరలిస్తుంది కనుక, ఒక యూనిట్ కరెంటుతో సుమారు మూడు యూనిట్ల వేడిని అందించగలదు. కాయిల్ హీటర్ ఇచ్చేది ఒక యూనిట్ మాత్రమే.

ఇంత సమర్థమైన యంత్రాన్ని మనం ఇంకా గుడ్డిగానే నడుపుతున్నాం.

ఏసీ రిమోట్ పరారుణ కాంతితో పనిచేస్తుంది. ఆ కాంతి సాధారణంగా సెకనుకు 38 వేల సార్లు మినుకుమంటూ సందేశాన్ని మోసుకెళ్తుంది. టీవీ రిమోట్‌లో ఒక్కో బటన్‌కు ఒక్కో చిన్న సంకేతం ఉంటుంది. ఏసీ రిమోట్‌లో చాలావరకు అలా కాదు. ఏది నొక్కినా ఉష్ణోగ్రత, మోడ్, ఫ్యాన్ వేగం అన్నీ కలిసిన పూర్తి సందేశం వెళ్తుంది. ఈ భాష కంపెనీకో తీరుగా ఉంటుంది. ఔత్సాహికులు వాటిలో చాలా భాషలను విడమరిచి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములుగా అందరికీ అందుబాటులో ఉంచారు.

అందుకే కొన్ని వందల రూపాయల ఈఎస్‌పీ32 మైక్రోకంట్రోలర్ బోర్డు, ఒక పరారుణ ఎల్‌ఈడీ, ఉష్ణోగ్రత, తేమ కొలిచే ఒక సెన్సార్ ఉంటే చాలు, వైఫై ద్వారా ఏసీని ఇంట్లోనే నియంత్రించవచ్చు. ఏసీలోని సెన్సార్ గోడ మీద ఎత్తున ఉంటుంది, మనం నిద్రపోయేది కింద మంచం మీద. మన సెన్సార్‌ను మంచం పక్కనే పెట్టుకోవచ్చు. వానాకాలంలో ఇబ్బంది పెట్టేది వేడి కంటే తేమ కనుక, దాన్ని బట్టి డ్రై మోడ్‌కు మార్చేలా ప్రోగ్రాం రాసుకోవచ్చు. స్టార్ లేబుల్ ఏసీలకు 2020 జనవరి 1 నుంచి 24 డిగ్రీల డిఫాల్ట్ సెట్టింగ్ తప్పనిసరి. సెట్టింగ్ ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్ ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో, అంటే బీఈఈ చెబుతోంది. తెల్లవారుజామున ఆ ఒక్క డిగ్రీ పెంచే పనిని బోర్డుకు అప్పగించవచ్చు.

అయితే ఈ పద్ధతిలో పెద్ద లోపం ఉంది. ఇది ఏకపక్ష సంభాషణ. రిమోట్ తెరపై 24 అని కనిపిస్తే అది రిమోట్ అనుకుంటున్నది మాత్రమే. ఆ మాట ఏసీకి చేరిందో లేదో దానికి తెలియదు. సంకేతానికి ఎవరైనా అడ్డొస్తే ఫోన్‌లో 'ఆన్' అని ఉంటుంది, ఏసీ మాత్రం ఆగే ఉంటుంది. ఆ గదిలో ఉన్నది పసిబిడ్డో, వృద్ధులో అయితే అది చిన్న పొరపాటు కాదు.

బదులు చెప్పే దారి చాలా ఏసీల లోపలే ఉంది. మిత్సుబిషి ఎలక్ట్రిక్ యూనిట్లు అనేకంలో సీఎన్105 అనే చిన్న కనెక్టర్ ఉంటుంది. దానికి మైక్రోకంట్రోలర్‌ను కలిపితే ఆదేశాలు పంపడమే కాదు, గది ఉష్ణోగ్రతను, ప్రస్తుత సెట్టింగ్‌ను తిరిగి చదవవచ్చు. కానీ ఆ భాషను ఔత్సాహికులే శోధించి పట్టుకోవాల్సి వచ్చింది. పైగా 230 వోల్టుల కరెంటు ఉన్న యంత్రం మూత తెరవడం ప్రమాదం, వారంటీ కూడా పోవచ్చు.

ఇది సరదా ప్రయోగాలకే పరిమితమైన సంగతి కాదు. 2023లో కేంద్రం సవరించిన నిబంధనల ప్రకారం, స్మార్ట్ మీటర్ ఉన్న ఇళ్లకు కూడా 2025 ఏప్రిల్ నుంచి వేళను బట్టి విద్యుత్ ధర మారాలి. సౌర విద్యుత్ దొరికే గంటల్లో కనీసం 20 శాతం తక్కువ, రద్దీ వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం ఎక్కువ. ధర తక్కువగా ఉన్న మధ్యాహ్నమే గదిని, గోడలను చల్లబరచుకుని, సాయంత్రం కంప్రెసర్‌కు కాస్త విశ్రాంతి ఇవ్వడం భౌతికశాస్త్రపరంగా సాధ్యమే. కానీ ధర మారినప్పుడల్లా మనిషి లేచి రిమోట్ నొక్కడు. ఆ పని యంత్రమే చేయాలి.

కంపెనీల యాప్ ఉంది కదా అనవచ్చు. చాలా యాప్‌లలో ఆదేశం కంపెనీ సర్వర్ దాకా వెళ్లి తిరిగి మన గదికి రావాలి. నెట్ పోయినా, కంపెనీ ఆ సేవ ఆపేసినా నియంత్రణ పోతుంది. భద్రత మాటేమిటన్నది న్యాయమైన ప్రశ్నే. దానికీ సమాధానం ఉంది. బయటి పరికరం కేవలం కోరిక తెలపాలి, కంప్రెసర్ రక్షణ నిర్ణయాలు ఏసీ సొంత బోర్డు చేతిలోనే ఉండాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌ల ఉమ్మడి ప్రమాణం 4755 ఇలాంటిదే. రద్దీ వేళ బయటి సంకేతం అందితే విద్యుత్ వాడకాన్ని సగానికి, లేదా మూడొంతులకు తగ్గించుకునే ఏర్పాటు అందులో ఉంది.

ప్రయత్నించేవారు పరారుణ పద్ధతితోనే ఆగడం మంచిది. ఏసీకి వెళ్లే కరెంటును రిలేతో తెంచి కలపకూడదు. ఆపిన తర్వాత మళ్లీ ఆన్ చేయడానికి కనీసం మూడు నిమిషాల వ్యవధి ప్రోగ్రాంలో ఉండాలి. అసలు రిమోట్ ఎప్పుడూ చేతికందేలా ఉండాలి.

మిగతాది బీఈఈ చేయాల్సిన పని. ఎంత కరెంటు తాగుతుందో స్టార్ లేబుల్ ఇప్పటికే చెబుతోంది. ఇంట్లోనే, ఇంటర్నెట్ లేకుండా, రెండు వైపులా మాట్లాడగలదా అన్నది కూడా ఆ లేబుల్ మీదే ఉండాలి. ఆ భాషను కంపెనీ బహిరంగంగా ప్రచురించాలి. డబ్బు పెట్టి కొన్న యంత్రం ఏం చేస్తోందో తెలుసుకోవడానికి దాని మూత ఊడదీయాల్సిన అవసరం ఎవరికీ రాకూడదు.