డాబా మీది పరిశోధన

మన విశ్వవిద్యాలయములలో ఏటేట సమర్పింపబడు సిద్ధాంత వ్యాసములలో పట్టణములందలి పశుపక్ష్యాదులను గూర్చినవి గలవు. గృహస్థులు సౌరవిద్యుత్తును ఏల స్వీకరింతురో, ఏల వలదందురో విచారించునవియు గలవు. మొదటివి జీవశాస్త్రజ్ఞులవి, రెండవవి అర్థశాస్త్రజ్ఞులవి. ఈ రెండు విషయములును ఒకే డాబాపై కలిసికొనుచున్నవి.

కేంద్రప్రభుత్వము 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన సూర్యఘర్ పథకము కోటి యిండ్లపై సౌరఫలకముల నమర్ప నుద్దేశించినది. దానికి 75,021 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. 3 కిలోవాట్ల యమరికకు 78,000 రూపాయల సహాయము గలదు. మేము దీనిని హర్షించితిమి. కాని ధనసహాయ మొక్కటియే గృహస్థుని నిర్ణయమును తేల్చునని తలచుట పొరపాటు. అద్దెయింటివానికి డాబాపై హక్కు లేదు. అంతస్తుల భవనమున ఒక డాబాకు అనేక కుటుంబములు భాగస్వాములు. ఇంతేకాదు. ఫలకముల క్రింద పావురములు గూళ్లు కట్టును. వాని రెట్ట పడినచోట వెలుతురు సోకక యుత్పత్తి తగ్గును. కోతులు దుమికి తీగలను లాగును. కొన్న పిమ్మట తెలియవచ్చు ఈ సంగతులను కొనక పూర్వమే తెలుపువారెవరు?

జంతువులను నిందించి ప్రయోజనము లేదు. చెట్లను, గుట్టలను, చెరువులను మనము హరించితిమి. అవి మన కప్పులను వెదకికొనినవి. 2025లో హైదరాబాదు విశ్వవిద్యాలయము చెంతనున్న కంచ గచ్చిబౌలిలో చెట్లు నరకబడగా, ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలిపివేసినది. అచట నెమళ్లును చుక్కలజింకలును గలవని లోకమునకు చాటినవారిలో విద్యార్థులు ముందుండిరి. వారి విద్య ఆనాడు వీధిలోనికి వచ్చినది గనుకనే ప్రజలు వినిరి.

తక్కిన విద్య బీరువాలలో నున్నది, అదియు ఆంగ్లమున. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమమునకు పునాది వేసినవారు గ్రంథమును పాఠకుని ముంగిటికి దెచ్చుటయే జాతిసేవ యని నమ్మిరి. ఆ పని ముగియలేదు. ప్రజాధనముతో సాగిన ప్రతి పరిశోధనకును పదిపుటల తెలుగు సారాంశము వ్రాయించి, ప్రతి జిల్లా గ్రంథాలయమునకు బంపవలెనని మేము కోరుచున్నాము. ఇందులకు కొత్త చట్టము నవసరము లేదు. పట్టము నిచ్చు విశ్వవిద్యాలయములు ఒక నిబంధన చేర్చిన చాలును. డాబాపై నేమి పెట్టవలెనో నిర్ణయించువాడు గృహస్థుడే. అతనికి తెలియని భాషలో అతని యింటిని గూర్చి వ్రాసి, అతడు తెలిసి నిర్ణయింపలేదని తప్పుపట్టుట న్యాయము గాదు.