దోషం ఉంటుంది, చేసినవాడు ఉండడు

మాటల వెనక మనుషులు – 9



"లోకంలో దోషం లేని మనిషెవరు? ఒక్క మాటను పట్టుకుని ఇంత రాద్ధాంతం ఎందుకు?" అని అడిగేవాళ్లు మనలోనూ ఉన్నారు. పట్టుకోక తప్పదు. ఆ మాట మనం పుట్టకముందే మనల్ని పట్టుకుంది.

మనిషిలోని వంకలు చెప్పడానికి తెలుగులో మాటలకు కరువు లేదు. తప్పు, పొరపాటు, లోటు, వంక, మచ్చ. ఇవన్నీ ఇంట్లో తిరిగే మాటలు. వీటి నడుమ సంస్కృతం నుంచి వచ్చి పీట వేసుకుని కూర్చున్నవి రెండున్నాయి: దోషం, లోపం. ఇవాళ ఈ రెండింటి సంగతి చూద్దాం.

వాక్యంలో పెట్టి చూడండి. తప్పు చేస్తాం. ఒప్పుకుంటాం. దిద్దుకుంటాం. తప్పుకు చేసినవాడు ఉంటాడు, చేసిన రోజు ఉంటుంది, బయటపడే దారి ఉంటుంది. దోషాన్ని అట్లా ఎవరూ చేయరు. అది 'ఉంటుంది', 'తగులుతుంది'. జాతకంలో ఉంటుంది, ఇంటి ఈశాన్యంలో ఉంటుంది, పుట్టుకలో ఉంటుంది. నువ్వేం చేశావని అడిగేవాడు ఉండడు. నువ్వు పుట్టావు, అంతే చాలు.

కుజదోషాన్నే తీసుకోండి. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే దోషం అంటారు. మొత్తం 12 స్థానాల్లో 5. అంటే ఈ లెక్కన ప్రతి 12 మందిలో దాదాపు 5 గురికి దోషం అంటగట్టినట్టే. చంద్రుడి నుంచి, శుక్రుడి నుంచి కూడా లెక్కపెడితే ఇంకా పెరుగుతుంది. ఇంతమందికి దోషం పెట్టాక పెళ్లిళ్లు ఎట్లా జరుగుతాయి? అందుకే పక్కనే మినహాయింపులు ఉంటాయి, శాంతి ఉంటుంది, అరటిచెట్టుతో పెళ్లి ఉంటుంది, దక్షిణ ఉంటుంది. జబ్బు కనిపెట్టినవాడే మందు అమ్ముతాడు.

ఒక్కటి గమనించండి. ఇన్ని దోషాలకు పరిహారం చెప్పినవాళ్లు మన దోషానికి మాత్రం చెప్పలేదు. అంటరానివాణ్ణి తాకితే దోషం అన్నారు. తాకినవాడు స్నానం చేస్తే అతనికి పోతుంది. రెండోవాడు ఎన్ని స్నానాలు చేసినా పోదు. అసలు ఆ చెరువులోకే దిగనివ్వరు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేడ్కర్, ఆయన వెంట వేలమంది, చవదార్ చెరువు నీళ్లు తాగారు. ఆ తర్వాత సవర్ణులు చెరువులో పంచగవ్యం పోసి మంత్రాలు చదివి 'శుద్ధి' చేశారు. అదే చెరువులో పశువులు నీళ్లు తాగితే ఏ శుద్ధీ లేదు. దోషం నీళ్లలో లేదని చేసినవాళ్లకూ తెలుసు.

ఈ మాట భాషలోకీ వచ్చింది. అలంకార శాస్త్రం చెప్పిన కావ్యదోషాల్లో 'గ్రామ్యం' ఒకటి. ఊరివాళ్లు మాట్లాడినట్టు రాస్తే దోషం. గిడుగు రామమూర్తి ఈ గోడతో జీవితమంతా కొట్లాడాడు, ఆ గౌరవం ఆయనకు ఇవ్వాల్సిందే. కానీ చివరికి గెలిచింది 'శిష్ట' వ్యావహారికం. ఆ శిష్టుల్లో వాడవాళ్లు లేరు. గోడ కూలలేదు, కాస్త జరిగింది.

ఎంత జరిగిందో నా పరిశోధన గ్రంథం చూసినప్పుడు తెలిసింది. అందులో మా అమ్మ చెప్పిన మాటలను ఆమె పలికినట్టే రాశాను. పరిశీలించిన ఆచార్యుడు 'సేను' అన్న ప్రతిచోటా ఎర్రగీత గీసి, పక్కన 'భాషాదోషం' అని రాశాడు. నలభై ఏళ్లు ఆ సేలో కలుపు తీసిన మనిషికి సేను పేరు పలకడం రాదని, ఒక్కరోజు కూడా కలుపు తీయని మనిషి తేల్చాడు. నేను దిద్దలేదు. అది అమ్మ మాట, దిద్దే హక్కు నాకూ లేదు.

ఇక కోర్టు తెలుగు. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. నేరం రుజువు కాలేదంది కోర్టు. అట్లాంటి తీర్పుకు మన తెలుగులో వాడే మాట 'నిర్దోషి'. రుజువు కాకపోవడం వేరు, దోషమే లేకపోవడం వేరు. ఒక్క ఉపసర్గ ఆ తేడాను మింగేస్తుంది. పుట్టుకలోనే దోషం కనిపెట్టగల సమాజానికి 8 శవాల ముందు ఒక్క దోషీ దొరకలేదు.

ఇప్పుడు లోపం. పాణిని ఈ మాటను వాడింది కనబడకపోవడం అనే అర్థంలో. ఉండాల్సిన అక్షరం కనబడకుండా పోతే లోపం. నాకు ఈ అర్థం నచ్చుతుంది, ఎందుకంటే వెంటనే ఒక ప్రశ్న పుడుతుంది: ఉండాల్సింది ఏది, ఎవరు తీసేశారు? పోషకాహార లోపం ఉన్న పిల్లలో ఏ లోపమూ లేదు, కంచంలో ఉంది. 'ప్రతిభ లోపం' అని మీకు సీటు నిరాకరించేవాణ్ణి అడగండి, మా బడిలో లెక్కల మాస్టారి పోస్టు ఎన్నేళ్లు ఖాళీగా ఉందో తెలుసా అని.

కానీ అధికారులు ఈ మాటను వాడే తీరు వేరు. మ్యాన్‌హోల్‌లో కార్మికుడు ఊపిరాడక చనిపోతే 'భద్రతా లోపం' అంటారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దించినవాడికి పేరుంది, కాంట్రాక్టు ఇచ్చినవాడికి సంతకం ఉంది. 'లోపం' అనగానే పేరూ సంతకమూ రెండూ మాయం.

మన వైపు కూడా చూసుకుందాం. మన సభల్లో 'గుడ్డి ప్రభుత్వం', 'చెవిటి అధికారులు', 'కుంటి సాకులు' అని అరుస్తాం. చూపులేని తమ్ముడు అదే సభలో ముందు వరసలో కూర్చుని ఉంటాడు. పుట్టుకను దోషం చేయొద్దని పోరాడేవాళ్లం అతని ఒంటిని తిట్టుగా వాడితే ఎట్లా? పైగా అది నిజం కూడా కాదు. ప్రభుత్వానికి కళ్లున్నాయి, బాగానే చూస్తోంది. చూసి ఊరుకుంటోంది. దాన్ని తప్పు అందాం.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. రేపటి పేపర్లో, మీ కాలేజీ నోటీసుల్లో, వార్డెన్ నివేదికలో దోషం, లోపం అన్న మాటలు ఎక్కడున్నా గీత గీయండి. దాని చోట 'తప్పు' పెట్టి వాక్యాన్ని మళ్లీ రాయండి. వ్యాకరణం మిమ్మల్ని ఊరుకోనివ్వదు, కర్త కావాలంటుంది. ఆ ఖాళీలో ఎవరి పేరు రాయాలో మీకు తెలుసు. రాయండి. ఆ కాగితాన్నే వినతిపత్రం చేయండి.

వచ్చే ఆదివారం 'మైల' గురించి.

జై భీమ్.