ఇంకో రెండు నిమిషాలు టీచర్!

అమ్మ వంటింట్లోంచి అన్నానికి పిలుస్తుంది. ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ‘ఆఁ... వస్తున్నా’ అంటారు. రెండోసారి పిలుస్తుంది. మూడోసారి గొంతు పెంచుతుంది. ‘ఈ ఒక్క రీల్ అవ్వనీ అమ్మా’ అంటారు. కంచం ముందు కూర్చునేసరికి పది నిమిషాలు. పాతికేళ్లొచ్చిన మనకే ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారడానికి ఇంత టైమ్ పడుతుంది కదా! మరి ఏడేళ్ల పిల్లల్ని మాత్రం ‘తెలుగు మూసెయ్, లెక్కలు తియ్’ అన్న మరుక్షణమే మారిపోవాలంటాం. మారకపోతే అల్లరి అని పేరు పెడతాం.

నేనూ అలాగే పేరు పెట్టాను. అప్పటికి ఉద్యోగంలో చేరి మూడు నెలలు. సర్కారు ప్రాథమిక పాఠశాల, రెండో తరగతి. డీఎస్సీ కోసం చదివిన సైకాలజీ అంతా ఇంకా బుర్రలో తాజాగానే ఉంది. పాఠం చెప్తున్నంతసేపూ పిల్లలు బాగానే వినేవాళ్లు. ఒక పాఠం అయిపోయి ఇంకోటి మొదలయ్యే చోటే గోల. సంచిలో తల దూర్చి పుస్తకం వెతికేవాడొకడు. బలపం విరిగిందని ఒకరు. ‘టీచర్, వీడు నన్ను గిల్లిండు’ అని ఇంకొకరు. నేను డస్టర్‌తో బల్ల మీద కొట్టి ‘సైలెన్స్’ అని అరిచేదాన్ని. అర నిమిషం నిశ్శబ్దం. మళ్లీ మామూలే.

ఆ గదిలో ఒక పిల్లాడు ఉండేవాడు. అక్షరాలు ముత్యాల్లా రాసేవాడు, కాకపోతే మెల్లగా. పలక మీద మొదలుపెట్టింది పూర్తి కాకుండా పక్కన పెట్టలేడు. అందరూ లెక్కల పుస్తకం తెరిచాక కూడా వాడు రాస్తూనే ఉండేవాడు. ‘నీ ఒక్కడి కోసం అందరం ఆగాలా?’ అని రోజూ అనేదాన్ని. నాలుగు రోజులకు ఆ మాట పిల్లలూ అందుకున్నారు. ఒకరోజు విసుగొచ్చి వాడి చేతిలోంచి పలక లాగేసుకున్నాను. ఏడవలేదు. మర్నాడు బడికి రాలేదు. ఆ తర్వాతి రోజూ రాలేదు.

మూడో రోజు వాళ్లింటికి వెళ్లాను. ‘పొద్దున కడుపునొస్తున్నదంటడు టీచర్. బడి గంట కొట్టినంక మంచిగనే ఆడుకుంటడు’ అంది వాళ్లమ్మ. తలుపు చాటు నుంచి వాడు నన్ను చూశాడు. ‘ఇగ జల్ది రాస్త టీచర్’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఎప్పుడు ఆపాలో వాడికి నేను ఒక్కసారి కూడా ముందుగా చెప్పలేదు. ఆపాక ఏం చేయాలో కూడా చెప్పలేదు. శిక్ష మాత్రం వాడికి పడింది.

ఆ రాత్రి ఒక లెక్క వేసుకున్నాను. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి వరకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు, 800 బోధన గంటలు ఉండాలి. ప్రార్థన అయ్యాక గదిలోకి రావడం, సబ్జెక్టు మారడం, ఇంటర్వెల్, మధ్యాహ్న భోజనం... ఇలా మా గదిలో రోజుకు ఆరు మార్పులు. ఒక్కోదానికి ఐదు నిమిషాలు పోయినా రోజుకు అరగంట. 200 రోజులకు 100 గంటలు! అంటే 800లో ఎనిమిదో వంతు సంచులు వెతుక్కోవడానికీ నా అరుపులకీ సరిపోతోందన్నమాట.

అమెరికాలో జేకబ్ కౌనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తరగతి గదుల్ని వీడియో తీసి మరీ గమనించాడు. 1970లో పుస్తకం రాశాడు. అల్లరి జరిగాక టీచర్ ఎలా మందలించారన్న దాని వల్ల పెద్ద తేడా ఏమీ కనబడలేదట. అల్లరికి చోటు లేకుండా ముందే పనిని సాఫీగా నడిపించిన గదుల్లోనే పిల్లలు పనిలో ఉన్నారు. టీచర్లు చేసే పొరపాట్లకు ఆయన పేర్లు కూడా పెట్టాడు. ఒక పనిని గాల్లో వదిలేసి ఇంకోదానికి వెళ్లడం ఒకటి. మూసేసిన పని దగ్గరికి మళ్లీ వెనక్కి రావడం ఇంకోటి. ‘లెక్కల పుస్తకం తియ్యండి... అవునూ, తెలుగు హోంవర్క్ చెయ్యనిదెవరు?’ చదువుతుంటే నా గొంతే వినబడింది.

అప్పటి నుంచి కొన్ని మార్చుకున్నాను. చిన్నచిన్నవే.

మొదటిది, ముందే చెప్పడం. ‘ఇంకో రెండు నిమిషాల్లో పలకలు పక్కన పెట్టేస్తాం’ అంటాను. మెల్లగా రాసేవాళ్ల దగ్గరికి వెళ్లి భుజం తట్టి ‘ఈ వరస వరకు చాలు నాన్నా’ అని చెప్తాను. మిగిలింది తర్వాత రాసుకోవచ్చని తెలిస్తే చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

రెండోది, ఒకటే గుర్తు. మూడు చప్పట్లు నేను కొడితే, రెండు వాళ్లు కొట్టాలి. రెండు కొట్టాలంటే చేతిలో ఉన్నది కింద పెట్టాల్సిందే కదా! రోజుకో కొత్త గుర్తు పెడితే మాత్రం పని చేయదు.

మూడోది, ఒక్కసారి ఒక్క మాట. ‘పలకలు పెట్టి, పుస్తకాలు తీసి, పదో పేజీ తెరిచి, పెన్సిల్ పట్టుకోండి’ అంటే చివరిది ఒక్కటే గుర్తుంటుంది. ‘పలక సంచిలో పెట్టండి.’ పెట్టారా? అప్పుడు రెండో మాట. పేజీ నంబరు బోర్డు మీద రాసేస్తే ‘ఎన్నో పేజీ టీచర్?’ అని పదిసార్లు వినక్కర్లేదు.

నాలుగోది, ముందు అయిపోయినవాళ్లకు పని. ఊరికే కూర్చోబెడితే గిల్లడాలు మొదలయ్యేది అక్కడే. బోర్డు మీద ఒక పొడుపు కథో, చిన్న లెక్కో రాసి ఉంచుతాను. దాంతో చివరివాడి కోసం ఎవరూ ఎదురుచూడరు. ‘వీడి వల్లే లేటు’ అనే మాటా ఉండదు.

రెండు తరగతులు ఒకే గదిలో ఉన్న టీచర్లకైతే ఇది ఇంకా ముఖ్యం. మూడో తరగతికి పని ఇచ్చి, వాళ్లు మొదలుపెట్టారని చూశాకే రెండో తరగతి వైపు తిరగాలి. ఇక భోజనం తర్వాత నేరుగా పాఠంలోకి దూకను. మూడు నిమిషాలు మెల్లటి గొంతుతో కథ చెప్తాను. ఎండలో ఆడి వచ్చిన ఒళ్లు కాస్త కుదురుకోవాలిగా.

ఇవన్నీ చెప్పగానే రావు. వారం రోజులు ఆటలాగే ప్రాక్టీస్ చేయించాను. దసరా సెలవులయ్యాక అంతా మరిచిపోయి వచ్చారు. మళ్లీ మొదటి నుంచి! ఇప్పటికీ వాన పడిన రోజు నా చప్పట్లు ఎవరికీ వినబడవు. అలాంటప్పుడు అరవాలని నోటిదాకా వస్తుంది. ఒక్కోసారి అరుస్తాను కూడా.

ఆ పిల్లాడు బడికి వచ్చాడు. ఎలా వచ్చాడంటారా? మర్నాడు పొద్దున నేనే వెళ్లి వెంట తీసుకొచ్చాను. పిల్లలందరి ముందు పలక చేతికిచ్చి ‘నిన్న మొన్న తప్పు నాది’ అని చెప్పాను. టీచర్ కూడా తప్పు ఒప్పుకుంటుందని వాళ్లు నమ్మలేకపోయారు.

వాడు ఇప్పటికీ మెల్లగానే రాస్తాడు. మొన్న చప్పట్లు కొట్టబోతుంటే చెయ్యెత్తాడు.

‘ఇంకో రెండు నిమిషాలు టీచర్.’

‘సరే నాన్నా. రెండే.’

రెండు నిమిషాలకు పలక దానంతటదే సంచిలోకి వెళ్లింది. మరి మీ రీల్ సంగతేంటి? అమ్మ పిలుస్తోంది, వినబడుతోందా?